వేడికి కారణం దుమ్ము, శిక్ష మాత్రం పిల్లలకా?



పోయిన నెల మీటింగులో నేను నోరు మూసుకొని కూర్చున్నాను. అది నా తప్పు. ఆ రోజు మాట్లాడాల్సిన మాటలు ఈ పొద్దు రాస్తా ఉన్నాను. పోస్టు పొడుగైంది, తెలుసు. అయినా చివరిదాకా చదవండి. వచ్చే ఆదివారం మనం చేతులెత్తి ఒప్పుకోబోయేది చిన్న విషయం కాదు.

తెలియనివాళ్ళకు ముందు సంగతి చెప్తాను. మన సంఘం మూడేండ్లుగా చదువుకునే పిల్లలకు పాత ల్యాప్‌టాపులు ఇస్తా ఉంది. బెంగుళూరులో ఉద్యోగాలు చేసే మనవాళ్ళు ఆఫీసుల్లో తీసేసినవి తక్కువ ధరకు కొని, కొందరు తమ సొంతవి ఇచ్చి, బట్లహళ్ళికి పంపుతారు. మనం వాటిని డిగ్రీ, డిప్లొమా, ఇంజనీరింగ్ పిల్లలకు అప్పుగా ఇస్తాం. చదువు అయిపోయినాక తిరిగి ఇవ్వాలి. మన సంఘం చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే.

ఇప్పుడు దానికి ఒక షరతు పెట్టబోతున్నారు. "సంఘం ఇచ్చిన ల్యాప్‌టాపులో విండోస్ తప్ప వేరే ఆపరేటింగ్ సిస్టమ్ వేయరాదు. ఆటలు ఆడరాదు. వేసినట్టు గానీ, ఆడినట్టు గానీ తెలిస్తే వెనక్కి తీసుకుంటాం. రిపేరు ఖర్చు తల్లిదండ్రులదే." ఇదీ తీర్మానం. దీనికి కారణం ఎవరో కాదు, నా సొంత మేనల్లుడు. అందుకే ఆ రోజు సిగ్గుపడి మాట్లాడలేదు. ఇంటివాణ్ణి వెనకేసుకొస్తున్నాడు అంటారని భయపడినాను. ఇప్పుడు అనండి, ఫరవాలేదు. అసలు ఏం జరిగిందో తేల్చుకొని వచ్చినాను.

జరిగింది ఇది. మావాడు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. వాడికి మనం ఇచ్చింది ఒక డిజైన్ ఆఫీసు నుంచి వచ్చిన ల్యాప్‌టాపు. అందులో రెండు గ్రాఫిక్స్ చిప్పులు ఉంటాయి. ఒకటి ప్రాసెసర్‌లోనే ఉండే చిన్నది, ఇంకొకటి వేరేగా ఉండే పెద్దది. కాలేజీలో ప్రోగ్రామింగ్ ల్యాబుకు కావాలని వాడు విండోస్ పక్కనే ఉబుంటు వేసుకున్నాడు. ఆన్ చేసేటప్పుడు ఏది కావాలో అడుగుతుంది, ఎంచుకోవచ్చు. రాత్రి చదువు అయినాక అదే ఉబుంటులో ఒక గంట ఆట ఆడేవాడు. ఏ ఆట అనుకున్నారు? లారీ నడిపే ఆట, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2. వాళ్ళ నాయన టమాటా లోడు లారీ డ్రైవరు. కొడుకు తెర మీద లారీ నడిపినాడు. దీన్ని మన మీటింగులో "చెడిపోయిన పిల్లోడు" అన్నారు.

ఎండాకాలంలో ల్యాప్‌టాపు ఇస్త్రీపెట్టె మాదిరి కాలింది. ఫ్యాను చప్పుడు పక్కింటికి వినబడింది. ఆట మొదలుపెట్టిన పది నిమిషాలకు లారీ ముందుకు పోకుండా ముక్కలు ముక్కలుగా కదిలింది. వాళ్ళ నాయన భయపడి చింతామణిలో ఒక రిపేరు అంగడికి తీసుకుపోయినాడు. ఆ అంగడి పేరు చెప్పను, నా గొడవ ఆయనతో కాదు. ఆయన మూత కూడా తీయకుండా ఆన్ చేసి చూసి, "లినక్సు వేసి ఆటలాడినారు, దాంతో బోర్డు కాలింది, తొమ్మిది వేలవుతుంది" అన్నాడంట. ఆ మాట మా బావ సంఘంలో చెప్పినాడు. సంఘం నమ్మింది. అక్కడి నుంచి ఈ తీర్మానం పుట్టింది.

పెద్దలను ఒక మాట అడుగుతాను. బోర్డు కాలిపోయిన ల్యాప్‌టాపు ఆన్ ఎట్లయింది? అంగడిలో ఆన్ అయింది, ఇంటికి తెచ్చినాక ఆన్ అయింది, ఈ పొద్దు కూడా ఆన్ అవుతా ఉంది. ఈ ఒక్క ప్రశ్న మన మీటింగులో ఎవ్వరమూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

తర్వాత ఆ ల్యాప్‌టాపును మా ఇంటికి తెచ్చుకున్నాను. చేసిన పరీక్ష చాలా సులభం, మీరూ చేసుకోవచ్చు. ఒకే ఆటను, ఒకే బల్ల మీద, ఒకే సాయంత్రం, మొదట విండోస్‌లో ఆడించినాను, చల్లారినాక ఉబుంటులో ఆడించినాను. వేడిని చూపించే ఉచిత సాఫ్ట్‌వేర్లు రెండిట్లోనూ ఉన్నాయి. రెండింటిలోనూ వేడి ఎక్కితే యంత్రంలోనే లోపం. ఒక్కదాంట్లోనే ఎక్కితే, ఆ ఆపరేటింగ్ సిస్టమ్ అమరికలో లోపం. అంతే.

విండోస్‌లో ఇరవై నిమిషాలకు ప్రాసెసర్ 96 డిగ్రీలకు పోయింది, ఆట నెమ్మదించింది. ఉబుంటులో పది నిమిషాలకే 97కు పోయింది, ఆట మొదటి నుంచే నెమ్మదిగా నడిచింది. అంటే వేడి రెండింటిలోనూ ఉంది. కాబట్టి ఆ వేడికి లినక్సు కారణం కాదు. కానీ ఉబుంటులో ఇంకొక జబ్బు కూడా ఉంది. ఒకే ఒంట్లో రెండు రోగాలు. మనం రెండిటికీ ఒకే పేరు పెట్టి పిల్లవాడి నెత్తిన వేసినాం.

మొదటి రోగం సంగతి. ఈ విషయం మన రైతులకు నాకన్నా బాగా తెలుసు, ఎందుకంటే మన బోరు మోటారులో ఉండేదీ ఇదే కథ. మోటారు మీద భారం మితిమీరితే స్టార్టరు డబ్బాలోని ఓవర్‌లోడ్ రిలే పడిపోతుంది, మోటారు ఆగుతుంది. అది ఆగింది కాబట్టి మోటారు కాలలేదు. ల్యాప్‌టాపులో ప్రాసెసర్ కూడా అట్లే తనను తాను కాపాడుకుంటుంది. చాలా ఇంటెల్ ల్యాప్‌టాపు ప్రాసెసర్లకు వేడి హద్దు 100 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఆ హద్దు దగ్గరికి రాగానే అది తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది. వేగం తగ్గితే వేడి తగ్గుతుంది, ఆట నెమ్మదిస్తుంది. దీన్నే థర్మల్ థ్రాట్లింగ్ అంటారు. అప్పటికీ వేడి దిగకపోతే యంత్రం ఏకంగా ఆగిపోతుంది. అంటే ఆట నెమ్మదించడం బోర్డు కాలిపోయిన గుర్తు కాదు, కాలకుండా కాపాడుకుంటున్న గుర్తు.

మన జిల్లాలో పుట్టిన విశ్వేశ్వరయ్యగారి పటానికి ప్రతి సెప్టెంబరు 15న దండ వేస్తాం. ముద్దేనహళ్ళి మనకు దూరమా? ఆయన పూర్వీకులది మోక్షగుండం, తెలుగు ఇల్లు అని మన వేదికల మీద గర్వంగా చెప్పుకుంటాం. ఆయన ఏం చేసినాడో మాత్రం చెప్పుకోం. పూణే దగ్గర ఖడక్‌వాస్లా జలాశయానికి 1903లో ఆయన తయారుచేసిన ఆటోమేటిక్ గేట్లు బిగించినారు. నీళ్ళు హద్దు దాటితే గేటు తనంతట తానే తెరుచుకొని ఎక్కువ నీటిని వదిలేస్తుంది, ఆనకట్ట నిలబడుతుంది. ప్రాసెసర్ వేగం తగ్గించుకోవడం కూడా అట్లాంటి గేటే. గేటు తెరుచుకుంటే "ఆనకట్ట తెగిపోయింది" అని కేకలు వేసేవాళ్ళను ఏమనాలి? నీళ్ళు ఎందుకు అంత ఎత్తుకు వచ్చినాయో చూడాలి గదా.

మేము అది చూసినాం. ల్యాప్‌టాపు ఆపి, ఛార్జరు పీకి, కింది మూత స్క్రూలు విప్పి, ముందుగా బ్యాటరీ కనెక్టరు తీసినాం. లోపల ప్రాసెసర్ మీద ఒక రాగి గొట్టం ఉంటుంది. అది వేడిని మోసుకొని పోయి సన్నని రేకుల గుంపుకు అందిస్తుంది. ఫ్యాను ఆ రేకుల గుండా గాలిని బయటికి తోస్తుంది. ఫ్యానుకూ రేకులకూ నడుమ ఏముందో తెలుసా? మందపు కంబళి ముక్క మాదిరి దుమ్ము. వేలితో పట్టి పీకితే ఒకే తుంటగా వచ్చింది. మన ఊర్లో రాగులు రోడ్డు మీద పరిచి తొక్కిస్తాం, వేరుశెనగ ఇంటి ముందరే కొడతాం, లారీలు పోతే మట్టి లేస్తుంది. ఆ దుమ్మంతా పోయేది ఎక్కడికి? పైగా మావాడు దాన్ని పరుపు మీద పెట్టుకొని ఆడినాడు. గాలి పీల్చే రంధ్రాలు కిందనే ఉంటాయి. పరుపు మీద పెడితే ముక్కు మూసినట్టే. ఇది మాత్రం వాడి తప్పు, వాడితోనే ఒప్పించినాను.

ప్రాసెసర్‌కూ రాగికీ నడుమ పూసే థర్మల్ పేస్ట్ ఎండి పొడి అయిపోయింది. ఆఫీసులో ఎన్నో ఏండ్లు వాడిన యంత్రం, అది ఎండకపోతే ఆశ్చర్యం. పాతది స్పిరిట్‌తో తుడిచి కొత్తది బఠానీ గింజంత పెట్టినాం. బ్రష్షుతో రేకులు శుభ్రం చేసినాం. గాలి కొట్టేటప్పుడు ఫ్యాను రెక్కను వేలితో ఆపి పట్టుకున్నాం, లేకపోతే అది గిర్రున తిరిగి చెడిపోతుంది. ఒక గంట పని. పేస్టు గొట్టానికీ బ్రష్షుకూ కలిపి అయింది కొన్ని వందల రూపాయలు. తొమ్మిది వేలు కాదు.

మళ్ళీ అదే ఆట, అదే బల్ల. విండోస్‌లో ఒక గంట ఆడినా 80 దాటలేదు. ఇప్పుడు చెప్పండి, లినక్సును తీసేయాలని తీర్మానం చేసి ఉంటే ఆ దుమ్ము ఎక్కడికి పోయేది? విండోస్ ఒక్కటే పెట్టుకున్నా అది కాలుతూనే ఉండేది. వచ్చే ఏడు ఇంకొక పిల్లవాణ్ణి తిట్టేవాళ్ళం.

ఇక రెండో రోగం. ఇక్కడ లినక్సు పక్షం మాట్లాడేవాళ్ళు కూడా నిజం ఒప్పుకోవాలి. "లినక్సులో అన్నీ బాగుంటాయి" అని చెప్పే కుర్రవాళ్ళ మాట నేను నమ్మను. శుభ్రం చేసినాక కూడా ఉబుంటులో ఆట నెమ్మదిగానే నడిచింది. ఎందుకంటే ఆట నడిచేది పెద్ద చిప్పు మీద కాదు, ప్రాసెసర్‌లోని చిన్న చిప్పు మీద. లారీ లోడు తీసుకుపోయి మోపెడ్ మీద వేసినట్టు. పెద్ద చిప్పు ఎన్విడియాది. దానికి ఉబుంటులో మొదట వచ్చే డ్రైవరు పేరు నూవో. ఆ తరం చిప్పులను అది పూర్తి వేగానికి ఎత్తలేదు, ఎందుకంటే దానికి కావలసిన సంతకమున్న ఫర్మ్‌వేర్ ఆ కంపెనీ నుంచి రావాలి. కంపెనీ సొంత డ్రైవరు వేసి, ఆటను పెద్ద చిప్పు మీద నడపమని ఎంచుకున్నాక లారీ దారిలో పడింది. డ్రైవరు వేయడం ఉబుంటులో నాలుగు క్లిక్కుల పని. కానీ ఎవరైనా చెప్పాలి. మావాడికి ఎవ్వరూ చెప్పలేదు.

ఇంకొక చిన్న పని కూడా చేసినాం, అది రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ పనికొస్తుంది. తెర సెకనుకు 60 బొమ్మలు మాత్రమే చూపగలదు. హద్దు పెట్టకపోతే తేలికైన చోట్ల ఆట 100, 150 బొమ్మలు తయారుచేసి పారేస్తుంది. చూసేవాడు లేని బొమ్మలకు కరెంటు, వేడి రెండూ దండగ. ఆట సెట్టింగుల్లో 60కి హద్దు కట్టినాం. వేడి ఇంకా దిగింది, ఉబుంటులో కూడా 80 లోపలే నిలిచింది.

వేరే పిల్లల ల్యాప్‌టాపులు కూడా నెమ్మదిస్తున్నాయని విన్నాను. వాళ్ళ కోసం నాకు తెలిసినవి చెప్తాను. బ్యాటరీ మీద ఆడితే చాలా యంత్రాలు వేగం తగ్గించుకుంటాయి. తక్కువ వాట్ల ఛార్జరు పెడితే కొన్ని ల్యాప్‌టాపులు గుర్తుపట్టి నెమ్మదిస్తాయి, దాన్ని చూసి "వైరస్" అంటాం. లినక్సులో పవర్ మోడు ఆదా మీద ఉంటే అదీ అంతే. విండోస్ భాగంలో పెట్టిన ఆట ఫైళ్ళను లినక్సు నుంచి నడిపితే చాలాసార్లు తలనొప్పి వస్తుంది. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే అది పూర్తిగా ఆగదు, సగం నిద్రపోతుంది. అప్పుడు ఆ భాగంలో లినక్సు రాయలేదు. విండోస్ కోసం చేసిన ఆటను లినక్సులో ఆడేటప్పుడు నడుమ ఒక దుబాసీ పని ఉంటుంది. మొదటిసారి ఆ అనువాదం తయారయ్యేదాకా ప్రాసెసర్ మీద భారం ఎక్కువ, ఆట కొంచెం తడబడుతుంది. తర్వాత సర్దుకుంటుంది. వీటిలో ఒక్కటి కూడా బోర్డు మార్చితే పోదు.

"లినక్సులో ఆటలాడితే యంత్రం కాలుతుంది" అనే మాట గురించి ఇంకొంచెం. వైన్ అనే దుబాసీ పని 1993లో మొదలైంది. దాని మీదనే కట్టిన ప్రోటాన్‌ను వాల్వ్ కంపెనీ 2018 ఆగస్టులో ఇచ్చింది. 2022 ఫిబ్రవరిలో అదే కంపెనీ స్టీమ్ డెక్ అని చేతిలో పట్టుకొని ఆడే యంత్రం అమ్మకానికి పెట్టింది. అది ఆటలకే చేసిన యంత్రం, లోపల ఉండేది లినక్సు. లినక్సు వల్ల బోర్డులు కాలేట్టయితే ఆ కంపెనీ ఈ పాటికి దివాలా తీసుండాలి. కొన్ని ఆన్‌లైన్ ఆటలు, మోసగాళ్ళను పట్టే సాఫ్ట్‌వేర్ కారణంగా, లినక్సులో నడవవు. అది నిజమే. కానీ నడవకపోవడం వేరు, కాలిపోవడం వేరు.

"ఏ ప్రభుత్వమూ పిల్లలకు ఇది ఇవ్వదు" అని మీటింగులో ఒక అన్న అన్నాడు. అన్నా, మన పక్క రాష్ట్రాలే చూడు. కేరళ ప్రభుత్వ బడుల్లో పిల్లలు ఎన్నో ఏండ్లుగా కంప్యూటరు పాఠాలు లినక్సు మీదనే నేర్చుకుంటున్నారు. తమిళనాడు 2011లో మొదలుపెట్టిన ఉచిత ల్యాప్‌టాపు పథకంలో విండోస్‌తో పాటు బాస్ లినక్సు కూడా వేసి ఇచ్చినారు. బాస్ అంటే మన కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ తయారుచేసింది. ఒకే యంత్రంలో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పెట్టి పల్లె పిల్లల చేతికి ప్రభుత్వమే ఇచ్చింది. మన సంఘం దాన్ని నేరం అంటోంది.

ఇప్పుడు ఈ తీర్మానంలో అందరూ మరిచిపోయిన విషయం. "విండోస్ తప్ప" అంటున్నారు. ఏ విండోస్? మన దగ్గరున్న ల్యాప్‌టాపుల్లో ఎక్కువ భాగం పాతవి, విండోస్ 10 వి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగింది. విండోస్ 11 వేద్దామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ లేదా ఆ తర్వాతది ఉండాలి, టీపీఎం 2.0 ఉండాలి. మావాడి యంత్రం ఏడో తరం. అంటే ఈ తీర్మానం ఒప్పుకుంటే మనం పిల్లలకు చెప్పేది ఏమంటే, "భద్రతా మద్దతు అయిపోయినదే వాడండి, ఇంకా మద్దతున్నది మాత్రం వేయొద్దు" అని. ఆ ల్యాప్‌టాపుల్లోనే పిల్లలు స్కాలర్‌షిప్పు అర్జీలు వేస్తారు, నాయన బ్యాంకు ఖాతా నెంబర్లు కొడతారు. పాత యంత్రాలకు ఇంకా కొన్నేండ్ల ఆయుష్షు ఇచ్చేది ఆ రెండో ఆపరేటింగ్ సిస్టమే. దాన్నే మనం నిషేధిస్తున్నాం.

ఆటల మాటకు వస్తాను. ఇక్కడ నాకూ పెద్దలకూ పూర్తిగా విరోధం లేదు. రాత్రి రెండు దాకా ఆడి పొద్దున కాలేజీ బస్సు తప్పించుకునే పిల్లవాణ్ణి నేనూ తిడతాను. కానీ ఎన్ని గంటలు ఆడాలి అన్నది తల్లిదండ్రుల ఇంటి సంగతి, ల్యాప్‌టాపు ఎందుకు కాలింది అన్నది యంత్రం సంగతి. రెండూ కలిపేస్తే రెండూ తేలవు. మన కుటుంబాలను నిజంగా కాల్చిన ఆటలు వేరే ఉన్నాయి. అవి ల్యాప్‌టాపులో లేవు, ఫోన్లలో ఉన్నాయి. డబ్బు పెట్టి ఆడే రమ్మీ లాంటి ఆన్‌లైన్ ఆటలు. వాటిని 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి నిషేధించింది. ఆ ఆటలకు పొలం డబ్బు పోగొట్టుకున్న పెద్దవాళ్ళ గురించి మన సంఘంలో ఒక్క తీర్మానం కూడా రాలేదు. తెర మీద లారీ నడిపిన పద్దెనిమిదేండ్ల పిల్లవాడి మీద మాత్రం వచ్చింది. ఎందుకంటే వాడు ఎదురు మాట్లాడడు.

నాకు బాధ కలిగించేది ఇంకొకటి. మన ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, కాలేజీలో ఇంగ్లీషు. మూడు భాషల నడుమ నలిగి చదివే పిల్లలు మనవాళ్ళు. వాళ్ళల్లో ఒకడు ఎవ్వరూ నేర్పకుండా తనంతట తాను రెండో ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్నాడంటే, డిస్కును భాగాలు చేసినాడు, ఏది ఎక్కడ ఉందో తెలుసుకున్నాడు, తప్పు చేసి దిద్దుకున్నాడు. బెంగుళూరులో సర్వర్ల పని చేసే మన సభ్యులను అడగండి, ఆఫీసులో పొద్దంతా వాళ్ళు చూసేది ఏది? లినక్సే. మనవాళ్ళకు జీతం ఇచ్చే విద్యను మన పిల్లలకు దోషంగా చూపిస్తున్నాం.

ఈ తీర్మానం ఒప్పుకుంటే ఏమవుతుందో కూడా చెప్తాను. పిల్లలు లినక్సు వేయడం మానరు. దాచిపెడతారు. ల్యాప్‌టాపు వేడెక్కితే ఎవ్వరికీ చెప్పరు, చెప్తే వెనక్కి తీసుకుంటారని భయం. దుమ్ము పెరుగుతుంది, పేస్టు ఎండుతుంది, ఒక రోజు నిజంగానే చచ్చిపోతుంది. ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. మన ఊరి డిప్లొమా అమ్మాయి ఒకామె మొన్న మా ఇంటికి వచ్చి, "మామా, నాదాంట్లో కూడా ఉబుంటు ఉంది, తీసేయాలా?" అని అడిగింది. ఆమె ఆటలు ఆడదు. నాలుగు జీబీ మెమరీ ఉన్న ఆ యంత్రంలో విండోస్ తెరుచుకోవడానికే చానా సేపు పడుతుంది, అందుకే తేలికైనది వేసుకుంది. "ల్యాప్‌టాపు తీసుకుంటే నాయన మళ్ళీ కొనివ్వడు" అంది. ఆమెకు నేనేం జవాబు చెప్పాలి? మీరే చెప్పండి.

అందుకే వచ్చే ఆదివారం నేను పెట్టబోయే మాటలు ఇవి.

ఒకటి. ఆపరేటింగ్ సిస్టమ్ గురించిన షరతు పూర్తిగా తీసేయాలి. దాని బదులు ఒక్క నియమం చాలు. కొత్తది వేసే ముందు ముఖ్యమైన ఫైళ్ళు వేరే చోట దాచుకోవాలి, విండోస్ చెడగొడితే తిరిగి వేసుకునే బాధ్యత వాళ్ళదే.

రెండు. ఏడాదికి రెండుసార్లు, ఉగాది ముందు ఒకసారి, దసరా ముందు ఒకసారి, అన్ని ల్యాప్‌టాపులూ సంఘం గదికి తెప్పించి శుభ్రం చేయాలి. స్క్రూడ్రైవర్లు, బ్రష్షులు, పేస్టు సంఘం కొనాలి. పని పిల్లలే చేస్తారు. మావాడు ముందు నిలబడతాడు, వాడి తప్పుకు అదే శిక్ష అనుకోండి.

మూడు. రిపేరు అంగడి వాళ్ళు బోర్డు పోయింది అంటే, ఏ భాగం పోయిందో కాగితం మీద రాయించుకోవాలి. మార్చితే పాత భాగం తిరిగి తీసుకోవాలి. బోరు మోటారు వైండింగుకు ఇస్తే పాత తీగ అడిగి తెచ్చుకుంటాం గదా, ఇదీ అంతే.

నాలుగు. వేడి గురించి ఫిర్యాదు వస్తే ముందు నేను చెప్పిన పరీక్ష. ఒకే ఆట లేదా ఒకే పని, ఒకే బల్ల, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు. రెండంకెలు కాగితం మీద రాయాలి. ఆ కాగితం చూసినాకే మాట్లాడాలి, తిట్టాలన్నా సరే.

ఐదు. ఆటల గంటలు తల్లిదండ్రులకు వదిలేయాలి. సంఘం పోలీసు పని చేయకూడదు.

కోశాధికారి అన్నకు ఒక మనవి. నువ్వు ఆ రోజు "సంఘం డబ్బు పిల్లల ఆటలకు కాదు" అన్నావు. నిజమే అన్నా. సంఘం డబ్బు చూడని బోర్డులకూ కాదు, విననివ్వని తీర్మానాలకూ కాదు. కొన్ని వందల రూపాయల పేస్టుకు ఒప్పుకో, వేలు మిగులుతాయి. అధ్యక్షులవారికి నా మీద కోపం వస్తే మీటింగులోనే తిట్టండి, వింటాను. కానీ చేతులెత్తే ముందు పది నిమిషాలు మాట్లాడనివ్వండి.

ఆదివారం పొద్దున పదింటికి ఆ ల్యాప్‌టాపును సంఘం గదికి తెస్తాను. బల్ల మీద పెట్టి, ఉబుంటులోనే ఆట తెరిచి, మీటింగు అయ్యేదాకా నడిపిస్తాను. వెనకాల గాలి వచ్చే చోట మీరే చేయి పెట్టి చూడండి. మేం పీకిన దుమ్ము తుంటను కూడా కవరులో దాచినాను, అదీ తెస్తాను. రెండూ చూసినాక ఓటు వేయండి.